కంచే చేను మేసే శాస్త్రం

2020లో మన దేశంలో రాత్రికి రాత్రి 130 కోట్ల మంది ఇమ్యునాలజిస్టులు పుట్టుకొచ్చారు. ప్రవేశపరీక్ష లేదు, గైడ్ లేడు, థీసిస్ లేదు. మిరియాలు దంచినావిడ ప్రొఫెసర్, పసుపు కలిపినాయన డీన్, వాట్సాప్‌లో పంపినవాడు వైస్ చాన్సలర్. సబ్బుకీ బిస్కెట్టుకీ కూడా ‘ఇమ్యూనిటీ’ ముద్ర పడింది. 2021 మే నెలలో కరోనా నాటుమందు కోసం కృష్ణపట్నం దారిపొడవునా జనం బారులు తీరారు. సరిగ్గా ఆ రోజుల్లోనే, ఈ శాస్త్రాన్ని నాలుగేళ్లుగా చదువుతున్న మా మిత్రుడొకడు ల్యాబ్ మూతపడి ఊరు చేరాడు. అరుగు మీద కూర్చుంటే పక్కింటి పెదనాన్న కషాయం గ్లాసు చేతిలో పెట్టి, “తాగరా అబ్బాయ్, ఇమ్యూనిటీ పెరుగుద్ది. ఇయ్యన్నీ మీ చదువుల్లో ఉండవులే” అన్నాడట. మావాడు మారుమాట లేకుండా తాగేశాడు. ఆ నెల ఫెలోషిప్ రాలేదు. ఇమ్యూనిటీ పేరు మీద అతనికి దక్కింది ఆ గ్లాసొక్కటే.

పెదనాన్నకి ఒక మాట చెప్పాల్సింది. ఇమ్యూనిటీ అనేది పెంచుకుంటూ పోయేది కాదు, హద్దులో ఉంచుకునేది. హద్దు మీరి సొంత కీళ్లనే కొరకడం మొదలుపెడితే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని నమిలేస్తే టైప్-1 మధుమేహం. డాక్టర్లు ‘ఆటోఇమ్యూన్’ అంటారు. మనవాళ్లు ఏనాడో అంతకన్నా మంచి పేరు పెట్టారు: కంచే చేను మేయడం. ఇమ్యునాలజీ అంటే ఇంతే. కంచె ఎలా కాపలా కాస్తుందో, చేనును ఎందుకు మేయదో, ఎప్పుడు మేస్తుందో తెలుసుకునే శాస్త్రం. నేనూ కొన్నేళ్లు ఆ శాస్త్రం చదివాను. పుస్తకంలో ఉన్న కంచెల కంటే మా చుట్టూ ఉన్న కంచెలే బాగా బలిసి కనపడేవి.

ముందుగా ఒక విశ్వవిద్యాలయం సంగతి. రొమ్ము ఎముక వెనక, గుండెకు కాస్త పైన థైమస్ అనే గ్రంథి ఉంటుంది. కంచెలో కాపలా కాసే టీ కణంలోని ‘టీ’ దాని ఇంటిపేరే. వయసులో ఉన్న ఎలుక థైమస్‌లో రోజుకు 5 కోట్ల కొత్త కణాలు పుడతాయి. పట్టా పుచ్చుకుని బయటికొచ్చేవి 10 నుంచి 20 లక్షలు. అంటే నూటికి రెండో నాలుగో. మిగతావన్నీ అక్కడే చచ్చిపోతాయి. టీవీలో ఒకటీ ఒకటీ రెండూ రెండూ అని అరిచే మన కార్పొరేట్ కాలేజీలు కూడా ఈ శాతం చూసి సిగ్గుపడాలి. సిగ్గుపడవు, అది వేరే విషయం.

అంత కఠినమైన చోట కూడా న్యాయం ఉంది. పరీక్షలు రెండే. మొదటిది: మన ఒంటి గుర్తింపు అణువుల్ని ఈ కణం పట్టుకోగలదా? పట్టుకోలేకపోతే ఎవరూ తిట్టరు, కొట్టరు. పలకరించేవాళ్లు లేక అదే పోతుంది. శాస్త్రవేత్తలు దానికి పెట్టిన పేరు ‘ఉపేక్షా మరణం’. రెండోది: మన ఒంటినే మరీ గట్టిగా పట్టుకుంటుందా? అయితే అది రేపు చేను మేసే కంచె, దానికి అక్కడే మరణాజ్ఞ. ఇక్కడ మెచ్చుకోవాల్సిన ముచ్చట ఇంకొకటుంది. ఎక్కడో క్లోమంలో తయారయ్యే ఇన్సులిన్‌ని కూడా థైమస్ తన లోపలే కాస్త తయారుచేసి కణాలకి చూపిస్తుంది. ఎయిర్ అనే జన్యువు ఆ పని చేయిస్తుంది. బయట ఎదురయ్యే ప్రశ్నలన్నీ ముందే చూపించి పరీక్ష పెట్టే విశ్వవిద్యాలయం భూమ్మీద అదొక్కటే. మొత్తం చదువు రెండు మూడు వారాలు. తప్పినవాడికి ఎందుకు తప్పాడో కారణం ఉంటుంది. నెగ్గినవాడిని ‘ఇంకో ఆరు నెలలు ఉండిపో’ అని ఎవరూ అడగరు.

ఇలాంటి సంస్థ మీదికి కాలేజీలకు గ్రేడ్లిచ్చే మన న్యాక్ బృందాన్ని పంపితే? బొకేలు, శాలువాలు, భోజనాలు అయ్యాక నివేదిక ఇలా వస్తుంది: “సంస్థలో బయోమెట్రిక్ హాజరు లేదు. విద్యార్థులు కనీస కాలపరిమితికి ముందే పట్టా పొందుతున్నారు, ఇది ఆందోళనకరం. ఒక్క కణమైనా గైడ్ పేరు చివర చేర్చి పేపరు ప్రచురించిన దాఖలా లేదు. చనిపోయిన కణాలను మాక్రోఫేజులు వెంటనే తినేస్తున్నందున డెడ్ స్టాక్ రిజిస్టరుతో లెక్క సరిపోవడం లేదు. సంస్థ యౌవనం తర్వాత క్రమంగా కుంచించుకుపోతోంది, ఈ ఒక్క అంశంలో మాత్రం రాష్ట్ర విశ్వవిద్యాలయాలతో సమానంగా నడుస్తోంది. గ్రేడు: సి.”

థైమస్‌కి ఈ గౌరవం దక్కడం కూడా ఇటీవలి సంగతే. 1960 దాకా అది పనికిమాలిన గ్రంథి అని, కణాల శ్మశానమని పెద్దలు తీర్మానించారు. లండన్‌లో జాక్ మిల్లర్ అనే కుర్రవాడు పీహెచ్‌డీ కోసం ఎలుకల లుకేమియా మీద పనిచేస్తూ, అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల నుంచి థైమస్ తీసేశాడు. అవి చిక్కి శల్యమై చచ్చాయి. పరాయి ఎలుక చర్మం అతికిస్తే తిప్పికొట్టే శక్తి కూడా వాటికి లేకపోయింది. 1961లో ఆ సంగతి ప్రకటించాడు. మానవ శరీరంలో ఒక ముఖ్యమైన అవయవం పని చిట్టచివరిగా తెలిసింది అలా. ఆ కుర్రవాడు మన డాక్టోరల్ కమిటీ ముందు నిలబడి ఉంటే? “బాబూ, నీ సినాప్సిస్‌లో లుకేమియా ఉంది. థైమస్ ఎక్కడుంది? మూడో ఆబ్జెక్టివ్‌లో ఉందా? లేదు కదా. టైటిల్ మార్పుకి దరఖాస్తు పెట్టుకో, ఫీజు కట్టు, వచ్చే అకడమిక్ కౌన్సిల్‌లో చూద్దాం.” థైమస్ ఈనాటికీ శ్మశానంగానే ఉండిపోయేది.

ఇక మన పీహెచ్‌డీ స్కాలర్ చదువు. అదీ టీ కణం దారే. టీ కణం మేలుకోవడానికి మూడు సంకేతాలు కావాలి. మొదటిది శత్రువు ఆనవాలు. రెండోది, ఆ ఆనవాలు చూపించిన కణమే భుజం తట్టి ‘నిజమే, కదులు’ అనడం. మూడోది, పోషించే రసాయనాలు. మొదటిది దొరికి రెండోది దొరకకపోతే కణం చావదు, కదలదు, అలా ఉండిపోతుంది. ఆ స్థితి పేరు ఎనర్జీ (anergy). తెలుగులో రాస్తే కరెంటు ఎనర్జీకి, దీనికి తేడా ఉండదు. అర్థం మాత్రం సరిగ్గా తలకిందులు. మా ల్యాబుల్లో ఎనర్జీ పుష్కలంగా ఉందని పత్రికల్లో రాసే పెద్దలు ఏ ఎనర్జీ గురించి రాస్తున్నారో ఇప్పుడైనా తెలిసిందనుకుంటా.

స్కాలర్‌కి మొదటి సంకేతం ప్రవేశపరీక్షతో అందుతుంది. 2024 జూన్‌లో సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ పెట్టడమే వాయిదా పడిందనుకోండి, అయినా చివరికి అందుతుంది. రెండో సంకేతం ఇవ్వాల్సింది గైడ్. ఆయన విదేశంలో ఉంటారు, ఢిల్లీలో కమిటీలో ఉంటారు, పక్క గదిలోనే ఉండి ‘బిజీ’లో ఉంటారు. మూడోది డబ్బు. జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ 25,000 నుంచి 31,000 కావడానికి స్కాలర్లు రోడ్డెక్కాల్సి వచ్చింది, 2019లో అయింది. 2023 నుంచి 37,000 అయింది. కాగితం మీద చక్కని అంకె. కేంద్ర విశ్వవిద్యాలయంలో నెట్ లేకుండా చేరినవాడికి నెలకు 8,000. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చాలామందికి అదీ లేదు, హాస్టల్ మెస్సు బాకీయే వాళ్ల స్కాలర్‌షిప్. మంజూరైనవాళ్లకైనా నెలనెలా అందుతుందా? ఢిల్లీ నుంచి వరం వస్తుంది, ఇక్కడి సెక్షన్‌లో పూజారికి హాజరు పత్రం మీద సంతకం వంకరగా కనిపిస్తుంది. ఆరు నెలల డబ్బు ఒక్కసారిగా పడిన రోజు స్కాలర్ కోటీశ్వరుడు. సాయంత్రానికి అప్పులు తీరి మళ్లీ స్కాలర్.

డబ్బు వచ్చినా సరుకు రావాలిగా. ఇమ్యునాలజీ ఖరీదైన భక్తి. రంగు పూసిన యాంటీబాడీ చిన్న సీసా ధర స్కాలర్ నెల ఫెలోషిప్‌తో పోటీపడుతుంది. ప్రయోగానికి ఒక్క రంగు చాలదు, హోలీ అంత కావాలి. అది విదేశం నుంచి మంచుపెట్టెలో బయల్దేరుతుంది. మంచు విమానాశ్రయంలో ఆవిరవుతుంది, ఫైలు మాత్రం గడ్డకట్టే ఉంటుంది. 2022 జూలైలో పరిశోధన సంస్థలకున్న 5 శాతం జీఎస్టీ రాయితీ తీసేశారు, పన్ను 18 దాకా ఎక్కింది. 2024 జూలై బడ్జెట్‌లో ల్యాబ్ రసాయనాల దిగుమతి సుంకం 10 శాతం నుంచి ఏకంగా 150 శాతం అయింది. రసాయనాల పేరు చెప్పి ఎవరో ఆల్కహాల్ దిగుమతి చేసుకుంటున్నారట. తాగేవాడి మీద కోపం పిపెట్ పట్టినవాడి మీద. గోల పెడితే కొద్ది రోజులకే మళ్లీ 10కి దించారు. ఆ కొద్ది రోజుల్లో ఆగిన పెట్టెల్లో ఎన్ని యాంటీబాడీలు చచ్చాయో, వాటికి శ్రాద్ధం ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు.

ఇక ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్. కుర్చీలు, ఫైళ్లు, చీపుర్లు కొనే బజార్లోనే కణాల్ని వడగట్టే యంత్రమూ వెతుక్కోమన్నారు. ధర తక్కువ ఎవరిదైతే వాడే ఎల్1, వాడిదే వాసి. మా ఎల్1 ప్లాస్టిక్ గొట్టాలు సెంట్రిఫ్యూజ్‌లో తిరుగుతూనే పగిలాయి. కొనుగోలు సెక్షన్‌కి వెళ్లి చెబితే గుమాస్తాగారు జాలిగా చూసి, “బాబూ, గొట్టం పగిలితే మీ తప్పు. టెండర్ పగిలితే నా తప్పు. నా టెండర్ బాగానే ఉంది కదా?” అన్నారు. ఉపనిషత్తులో ఉండాల్సిన వాక్యం. 2025 జూన్‌లో శాస్త్ర పరికరాలకి ఈ నిర్బంధం సడలించారు. సంతోషం. ఈలోగా ముసలివాళ్లయిన స్కాలర్ల వయసు సడలించే ఉత్తర్వు ఇంకా రాలేదు.

ఇప్పుడు ఎలుకల ఇంటికి రండి. ల్యాబ్‌లో నాకు అసూయ కలిగించిన జీవులు అవే. నల్లగా నిగనిగలాడే సీ57 బ్లాక్ సిక్స్ జాతి, తెల్లటి బాల్బ్-సీ జాతి. వాటికి ఏసీ ఉంటుంది, పవర్ పోతే జనరేటర్ ఉంటుంది. పన్నెండు గంటల వెలుగు, పన్నెండు గంటల చీకటి టైమర్ ప్రకారం నడుస్తాయి. ఒక్కో ఎలుకకి ఎంత చోటుండాలో నిబంధన ఉంది. చప్పుడు చేయకూడదు, పంజరంలో కిక్కిరిసి ఉండకూడదు, ఒంటరిగానూ ఉంచకూడదు, దిగులు పడతాయట. వాటికి 1960 నాటి చట్టం అండగా ఉంది, ప్రతి సంస్థలో నైతిక కమిటీ ఉంది. అంతకు ఏడాది ముందే, 1959లో, రసెల్, బర్చ్ అనే ఇద్దరు ఆంగ్లేయులు మూడు సూత్రాలు చెప్పారు: వీలైతే జంతువు బదులు ఇంకోటి వాడు, సంఖ్య తగ్గించు, బాధ తగ్గించు. ప్రపంచమంతా ఒప్పుకుంది. ఇది న్యాయమే, ఎలుకల మీద నాకు ఫిర్యాదు లేదు.

ఆ ఎలుకకి ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి ఇంజెక్షన్ ఇచ్చేవాడెవరు? స్కాలర్. వాడి గదిలో ముగ్గురికి చోటున్న దగ్గర ఐదుగురు. పన్నెండు గంటల చీకటి వాడికి ఏ టైమర్ ఇస్తుంది? గైడ్‌గారి అమ్మాయిని ట్యూషన్ నుంచి తీసుకురావడం, సెమినార్‌కి వచ్చిన పెద్దల్ని స్టేషన్‌లో దింపడం, ఆయనకొచ్చిన పేపరుకి తాను రివ్యూ రాసిపెట్టడం ఏ ఆబ్జెక్టివ్ కింద వస్తాయి?

శత్రువు ఎదురుగా నెలల తరబడి తిష్ఠ వేస్తే టీ కణం అలసిపోతుంది. దాని ఒంటి మీద పీడీ-1 అనే బ్రేకు మొలుస్తుంది. క్యోటోలో తసుకు హోంజో 1992లో ఈ అణువును కనుక్కున్నాడు. ఇలాంటి బ్రేకులు వదిలిస్తే అలసిన కణాలు లేచి క్యాన్సర్ మీద పడతాయని తేలాక, 2018లో ఆయనకీ జేమ్స్ ఆలిసన్‌కీ నోబెల్ వచ్చింది. స్కాలర్ ఒంటి మీద ఆ బ్రేకు మొలిపించే మంత్రం రెండే మాటలు: ‘ఇంకొక్క ప్రయోగం’. పేపరు పంపితే రెండో రివ్యూయర్ అడిగాడు, ఇంకొక్కటి. అది అయ్యేసరికి అమెరికాలో ఎవరో అదే ప్రచురించారు, కాబట్టి కొత్తగా ఇంకొక్కటి. పీహెచ్‌డీకి పేపరు తప్పనిసరి కాదని యూజీసీ 2022 నిబంధనల్లో తేల్చింది, ఆరేళ్లకు మించొద్దనీ అంది, పైన రెండేళ్ల పొడిగింపు కూడా అంది. వ్యవస్థ ఆ పొడిగింపునొక్కదాన్నే శ్రద్ధగా చదువుకుంది. నా థీసిస్ మొదటి అధ్యాయం గైడ్‌గారి బల్ల మీద ఉన్నప్పుడు నేను రోజూ తొంగి చూసేవాణ్ణి. దాని మీద మొదట ఒక పెళ్లిపత్రిక చేరింది, తర్వాత దీపావళి మిఠాయి డబ్బా, ఆ తర్వాత అదే పెళ్లివారి బారసాల పిలుపు.

ఇంటి దగ్గర సంగతి సరే సరి. “అబ్బాయి ఏం చేస్తున్నాడు?” “డాక్టరేట్ అండీ.” “ఏ ఆసుపత్రి?” “అది కాదండీ, పరిశోధన.” “ఓహో, ఇంకా చదువుతూనే ఉన్నాడన్నమాట.” సంబంధం అక్కడితో సరి. ఉపేక్షా మరణానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు.

‘మరి అమెరికా పోవచ్చుగా’ అనే సలహా ఉచితం. తెలుగువాళ్లు పోనూ పోయారు. 2025లో అక్కడా గ్రాంట్లు తెగ్గోశారు, కొన్ని విశ్వవిద్యాలయాలు పీహెచ్‌డీ సీట్లు కుదించాయి. ఆ సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తుకి లక్ష డాలర్ల రుసుమన్నారు. వలస వెళ్లిన కణం ఏ కణజాలంలోకైనా దూరాలంటే రక్తనాళం గోడ మీద దాన్ని పట్టుకునే అణువులుండాలి. అవి ఊడబీకేశారు.

అయినా ఈ దారి మనకి కొత్త కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్ చేరి, పొట్టకోసం ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగాడు. 1925లో ఫిస్క్‌తో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ఇచ్చాడు, 1930లో హార్వర్డ్ పీహెచ్‌డీ పుచ్చుకున్నాడు. శాశ్వత ఉద్యోగం మాత్రం అక్కడ దొరకలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లాడు. అక్కడ ఆయన బృందం నుంచి వచ్చిన మందుల్లో ఒకటి మెథోట్రెక్సేట్. సొంత కీళ్లను కొరికే ఇమ్యూనిటీకి, అంటే చేను మేసే కంచెకి, ఈరోజుకీ డాక్టర్లు మొదట రాసే మందుల్లో అదొకటి. ఇంకొకటి అమినోప్టెరిన్. 1975లో కోలర్, మిల్‌స్టైన్ మోనోక్లోనల్ యాంటీబాడీలు పుట్టించినప్పుడు, అక్కర్లేని కణాల్ని చంపి కావాల్సినవాటిని నిలబెట్టిన ద్రావకంలో ఉన్నది ఆ అమినోప్టెరినే. మా స్కాలర్లు యాంటీబాడీ సీసా ముందు జేబు తడుముకునే ప్రతిసారీ అందులో ఒక చుక్క భీమవరం ఉంటుంది. ఆ ఊరి పిల్లవాడు ఇవాళ అదే సీసా కొనాలంటే మూడు కొటేషన్లు తేవాలి.

గైడ్‌లంతా రాక్షసులా? కాదు. నాకు తెలిసిన కొందరు స్కాలర్ల మెస్సు బాకీ తమ జేబులోంచి కట్టారు. వాళ్లూ యుటిలైజేషన్ సర్టిఫికెట్ల కింద నలిగినవాళ్లే. చిక్కు అక్కడే ఉంది. అత్తా ఒకప్పుడు కోడలే. ‘మేం పడలేదా’ అన్న వాక్యం మన ల్యాబుల్లో జ్ఞాపక కణంలా తరతరాలుగా బతికి, కొత్త కోడలు కనిపించగానే మేల్కొంటుంది. గైడ్, కమిటీ, సెక్షన్, ఆడిట్, కస్టమ్స్, అన్నీ పరిశోధనని కాపాడటానికి వేసిన కంచెలే. ప్రతిదీ ఒక్కో కబళం మేస్తుంది. కంచెని ఆపే కంచె కూడా ఒంట్లో ఉందని షిమోన్ సకగుచి 1995లో చూపిస్తే చాలామంది నమ్మలేదు. ఆ కణాలకి కావాల్సిన జన్యువును 2001లో బ్రంకో, రామ్స్‌డెల్ పట్టుకున్నారు. 2025లో ముగ్గురికీ నోబెల్ ఇచ్చారు. ఆ కణాల పని ఒక్కటే: సొంతవాడి మీద పడ్డ కాపలాదారు చెయ్యి పట్టుకుని ఆపడం. మన విశ్వవిద్యాలయంలో ఆ ఉద్యోగానికి ఇంతవరకు నోటిఫికేషన్ పడలేదు.

పడేదాకా నాకొక ఉపాయం తోచింది. ఎలుకల కోసం నింపే ఫారంలోనే స్కాలర్ వివరాలు రాసి నైతిక కమిటీకి పంపుదాం. జాతి: స్కాలర్. సంఖ్య: ల్యాబ్‌కి ఆరు. ఈ జాతినే ఎందుకు వాడాలి: టెక్నీషియన్‌ని పెడితే జీతమివ్వాలి. ప్రయోగ కాలం: మూడేళ్లని చెప్పి ఏడేళ్లు. ఆహారం: మెస్సు, అప్పు దొరికినన్నాళ్లు. మత్తు: టీ, రోజుకి ఐదుసార్లు. బాధ తగ్గించే చర్యలు: వర్తించవు. ప్రయోగం ముగిశాక పునరావాసం: విదేశం, లేదా కోచింగ్ సెంటర్.

కమిటీ ఏం రాస్తుందో నాకు తెలుసు. నేను ఒకసారి పన్నెండు ఎలుకల్ని రెండు వారాలు అదనంగా ఉంచుతానని అడిగితే, ఎర్రసిరాతో ఇలా రాసి తిప్పి పంపింది: “ఈ జీవులను ఇంతకాలం ఇలా ఉంచవలసిన అవసరాన్ని దరఖాస్తుదారు నిరూపించలేదు. అనుమతి నిరాకరించడమైనది.”